వెంకయ్య సోమరిపోతా? – ‘ఒక ఊరి కథ’ సినిమాపై ఒక పరిశీలన

మన వార్షికోత్సవ సంచికలో అంబేద్కర్ గురించీ, జాషువా గురించీ, పోటీ పరీక్షలకు ఎలా చదవాలన్న దాని గురించీ ఏటా వ్యాసాలు వస్తూనే ఉంటాయి. సినిమా గురించి రావడం అరుదు. సినిమా అంటే ఆదివారం టీవీ గదిలో కూర్చుని చూసి, స్టడీ అవర్ బెల్లు కొట్టగానే మరిచిపోవలసిన వ్యవహారమని మనలో చాలామంది అభిప్రాయం. అయితే కొన్ని సినిమాలు పాఠ్యపుస్తకం లాగా కూర్చోబెట్టి చదివిస్తాయి. మన భాషలోనే వచ్చి, జాతీయ అవార్డు తెచ్చుకుని, విదేశంలో బహుమతి కూడా పొంది, మన వాడల్లో మాత్రం ఎవరికీ తెలియకుండా పోయిన అలాంటి సినిమా ఒకటుంది. దాని పేరు ‘ఒక ఊరి కథ’. 1977 నాటిది. ఆ సినిమానూ, దాన్ని లోకం ఎలా స్వీకరించిందన్న సంగతినీ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు పరిచయం చేయాలని ఈ వ్యాసం రాస్తున్నాం. మాలో సినిమా శాస్త్రం చదివినవాళ్లు ఎవరూ లేరు. పీజీ చదువుకుంటూ, ఈ హాస్టల్ అన్నం తిని పెరిగినవాళ్లుగా మాకు తోచింది రాస్తున్నాం.

దర్శకుడు మృణాల్ సేన్. బెంగాలీ. 1923లో ఇప్పటి బంగ్లాదేశ్‌లో ఉన్న ఫరీద్‌పూర్‌లో పుట్టి, 2018 డిసెంబరులో కలకత్తాలో కన్నుమూశారు. ఆయనకు తెలుగు రాదు. అయినా తెలుగులో తీశారు. అంతకుముందు 1966లో ఒడియాలో ‘మాటీర మనీష’, 1969లో హిందీలో ‘భువన్ షోమ్’ తీసి ఉన్నారు కాబట్టి పరాయి భాషలో సినిమా తీయడం ఆయనకు కొత్త కాదు. ‘ఒక ఊరి కథ’కు మూలం ప్రేమ్‌చంద్ రాసిన ‘కఫన్’ అనే కథ. అది 1935లో ఉర్దూలోనూ, ఆ మరుసటి ఏడు హిందీలోనూ అచ్చయింది. ప్రేమ్‌చంద్ 1936 అక్టోబరులో చనిపోయారు. అంటే దాదాపు ఆయన చివరి రోజుల కథ అన్నమాట. ఉత్తరాది పల్లె కథ బెంగాలీ దర్శకుడి చేతుల మీదుగా తెలుగు ఊరికి వచ్చింది. పేదవాడి ఇంటికి దారి అడగడానికి భాష అక్కర్లేదేమో!

ముందు ప్రేమ్‌చంద్ కథ చెప్పుకుందాం. చలికాలం రాత్రి. గుడిసె బయట చల్లారిపోతున్న మంట దగ్గర తండ్రి ఘీసూ, కొడుకు మాధవ్ కూర్చుని ఉంటారు. లోపల మాధవ్ భార్య బుధియా పురిటి నొప్పులతో గిలగిల్లాడుతూ ఉంటుంది. వీళ్లిద్దరూ ఎవరి చేలోనో తవ్వుకొచ్చిన బంగాళాదుంపలు కాల్చుకుని, నోరు కాలుతున్నా ఆగకుండా తింటూ ఉంటారు. లోపలికి వెళ్లి చూసిరమ్మని తండ్రి అంటాడు. కొడుకు వెళ్లడు. తను లేస్తే తన వంతు దుంపలు కూడా తండ్రి తినేస్తాడని భయం. తెల్లారేసరికి బుధియా చచ్చిపోయి ఉంటుంది. శవం మీద కప్పే కొత్తగుడ్డ కోసం ఇద్దరూ ఏడ్చుకుంటూ జమీందారు దగ్గరికి పోతారు. ఆయన అసహ్యించుకుంటూనే రెండు రూపాయలు విసిరేస్తాడు. ఆయనే ఇచ్చాక ఊళ్లోవాళ్లు ఇవ్వకుండా ఎలా ఉంటారు? మొత్తం 5 రూపాయలు పోగవుతాయి. గుడ్డ కొనడానికి బజారుకు వెళ్లినవాళ్లు సాయంత్రానికి సారా దుకాణంలో తేలతారు. పూరీలు తింటారు, తాగుతారు, పాడతారు, పడిపోతారు. కథ అంతే.

చదివిన ఎవరికైనా ముందు కోపం వస్తుంది. వీళ్లు మనుషులేనా అనిపిస్తుంది. కానీ ప్రేమ్‌చంద్ కథ మధ్యలో ఒక్క మాట అడ్డం వేస్తాడు. రాత్రింబవళ్లు ఒళ్లు విరుచుకునే రైతుల బతుకు కూడా వీళ్ల బతుకు కంటే ఏమంత మెరుగ్గా లేని ఊళ్లో ఇలాంటి మనుషులు తయారవడంలో వింత లేదన్నది దాని భావం. మృణాల్ సేన్ ఆ ఒక్క మాటను పట్టుకుని సినిమా అల్లాడు. ఘీసూ వెంకయ్య అయ్యాడు, మాధవ్ కిష్టయ్య అయ్యాడు, బుధియా నీలమ్మ అయింది. కథలో బుధియా కేక వినిపించడమే తప్ప మనిషి కనబడదు. సినిమాలో నీలమ్మ కాపురానికి వస్తుంది, కూలికి వెళ్తుంది, ఆ ఇంటిని ఇల్లు చేయాలని చూస్తుంది. కొడుకు పెళ్లి వెంకయ్యకు మొదటినుంచీ ఇష్టం ఉండదు. పని చేసేకొద్దీ బలిసేది భూస్వామి, చిక్కిపోయేది కూలివాడు, కాబట్టి పని చేయడమే తెలివితక్కువ అని అతని సిద్ధాంతం. చిల్లర దొంగతనాలతో, ఆకలితో, తాగుడుతో రోజులు దొర్లిస్తూ ఊరందరినీ చూసి నవ్వుతూ ఉంటాడు. ఊరి బయట బతికేవాళ్ల కథ కనుక విదేశాల్లో ఈ సినిమాను ‘బయటివాళ్లు’ అని అర్థం వచ్చే పేరుతో చూపించారు.

నటుల గురించి

వెంకయ్యగా వేసింది కన్నడ రంగస్థలం నుంచి వచ్చిన ఎం.వి. వాసుదేవరావు. నీలమ్మగా మమతా శంకర్, ప్రసిద్ధ నాట్యాచార్యుడు ఉదయ్ శంకర్ కూతురు. కిష్టయ్యగా నారాయణరావు. ఛాయాగ్రహణం కె.కె. మహాజన్, సంగీతం విజయరాఘవరావు.

ఇక్కడ వాసుదేవరావు సంగతి కొంచెం ఆగి చెప్పుకోవాలి. రెండేళ్ల ముందే, 1975లో, శివరామ కారంత నవల ఆధారంగా బి.వి. కారంత్ కన్నడంలో ‘చోమన దుడి’ తీశారు. అందులో చోమ అనే దళిత జీతగాడుగా వేసింది ఈ వాసుదేవరావే. దానికి ఆయనకు జాతీయ ఉత్తమ నటుడి అవార్డు వచ్చింది. చోమకు ఒక్కటే కోరిక: తనకంటూ ఇంత నేల, దాన్ని తను దున్నుకోవాలి. ఎడ్లున్నాయి, ఒంట్లో సత్తువ ఉంది, నేల మాత్రం ఇవ్వరు. అంటరానివాడు సొంత సేద్యం చేయడం ఊరికి గిట్టదు. పని చేస్తానని జీవితమంతా మొత్తుకుని, అప్పు తీర్చడానికి పిల్లల్ని పోగొట్టుకుని, చివరికి తన డోలు వాయించుకుంటూ చనిపోతాడు. అదే నటుడు రెండేళ్లకు తెలుగులోకి వచ్చి, నేను పని చేయనంటాడు! ఈ రెండు సినిమాలనూ ఒకదాని వెంట ఒకటి చూడాలని మా సలహా. చోమ బతుకు చూసినవాడికి వెంకయ్య ఎందుకు అలా తయారయ్యాడో ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఎవరు మెచ్చారు, ఎవరు చూశారు?

‘ఒక ఊరి కథ’కు 1977 సంవత్సరానికి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది. 1978లో చెకోస్లొవేకియాలోని కార్లోవీ వారీ చిత్రోత్సవంలో ప్రత్యేక జ్యూరీ బహుమతి వచ్చింది. మరి మన దగ్గర? అదే 1977లో ఎన్.టి. రామారావు గారి ‘దానవీరశూరకర్ణ’ వచ్చింది, ‘అడవి రాముడు’ వచ్చింది. జనం బళ్లు కట్టుకుని వెళ్లి చూశారు. రోజంతా ఎండలో నలిగినవాడు రాత్రి టికెట్ కొనుక్కుని మళ్లీ తన గుడిసెనే తెరమీద చూడాలని కోరుకోడు. ఇందులో వాళ్ల తప్పేమీ లేదు. మా ఇళ్లలోనూ అంతే. అవార్డు సినిమా అంటే ఫిలిం సొసైటీల వాళ్లు, పట్నంలో చదువుకున్నవాళ్లు చూసి చర్చించుకునే సరుకుగా మిగిలిపోయింది. ఎవరి కథ తీశారో వాళ్ల దగ్గరికి మాత్రం అది రాలేదు.

అలాగని జనం కష్టాల సినిమాలు చూడరనడానికీ లేదు. మరో బెంగాలీ దర్శకుడు గౌతమ్ ఘోష్, బి. నరసింగరావు నిర్మాణంలో తీసిన ‘మా భూమి’ 1980లో విడుదలై బాగా ఆడింది. అందులో ఆకలీ ఉంది, తిరుగుబాటూ ఉంది, గద్దర్ పాటా ఉంది. వెంకయ్య చేతిలో మాత్రం కర్రా లేదు, పాటా లేదు.

ఇంకా వెనక్కి వెళితే 1938 నాటి ‘మాలపిల్ల’ ఉంది. గూడవల్లి రామబ్రహ్మం దర్శకత్వం, చలం కథ, తాపీ ధర్మారావు మాటలు. కథానాయిక కాంచనమాల మన తెనాలి దగ్గరి అమృతలూరు అమ్మాయే. ఆ పేరు పెట్టడానికే ఆ రోజుల్లో గుండె కావాలి. సనాతనులు మండిపడ్డారు, జనం ఎగబడి చూశారు. ఎంతో మేలు చేసిన సినిమా. కాదనం. కానీ అందులో శాస్త్రిగారి మనసు మారడానికి ఏం జరగాల్సి వచ్చిందో గమనించండి. మంటల్లో చిక్కుకున్న ఆయన భార్యను ఒక హరిజనుడు ప్రాణాలకు తెగించి కాపాడాలి. అప్పుడుగానీ ఆయనకు వీళ్లూ మనుషులేనని తోచలేదు. కాపాడకపోతే? ఆ రోజు అతను అటువైపు రాకపోతే?

మేము ఈ వ్యాసంలో చెప్పదలచింది ఇక్కడ మొదలవుతుంది. మనవాడు తెరమీద మంచివాడై, కష్టజీవియై, త్యాగమూర్తియై ఉంటేనే చూసేవాళ్లకు జాలి కలుగుతుంది. వెంకయ్య ఆ మంచితనపు పరీక్షకు కూర్చోనన్నాడు. అందుకే అతణ్ణి చూసి జాలి పడటం కష్టం. అతను దొంగ, తాగుబోతు, మాటకారి, స్వార్థపరుడు. అయినా అతనికి ఆకలి వేస్తుంది. మంచివాడు కాని పేదవాడికి అన్నం దొరకాలా వద్దా అన్న ప్రశ్నను ఇంత మొండిగా అడిగిన తెలుగు సినిమా మాకు మరొకటి కనబడలేదు.

ఇంగ్లండు నుంచి ఒక పోలిక

ఈ విషయం మనకే పరిమితం కాదు. బ్రిటన్‌లో కెన్ లోచ్ అనే దర్శకుడు 1960ల నుంచి కూలీల, నిరుద్యోగుల, ఇల్లు లేనివాళ్ల మీదే సినిమాలు తీస్తూ వచ్చాడు. 2016లో ఆయన తీసిన ‘ఐ, డేనియల్ బ్లేక్’ ఆ ఏడాది కాన్ చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి పొందింది. న్యూకాజిల్ అనే ఊళ్లో 59 ఏళ్ల వడ్రంగి డేనియల్. గుండెపోటు వస్తుంది. పని చేయవద్దని డాక్టర్లు అంటారు. ప్రభుత్వ భృతి కోసం వెళితే అక్కడివాళ్లు ఫారం మీది ప్రశ్నలు అడిగి, మార్కులు వేసి, నువ్వు పనికి తగినవాడివే పొమ్మంటారు. భృతి కావాలంటే పని వెతుకుతున్నట్టు రుజువు చూపాలి. దరఖాస్తు కంప్యూటర్లోనే పెట్టాలి. జీవితమంతా కొయ్య చెక్కిన చేతికి మౌస్ పట్టుకోవడం రాదు. స్కాలర్‌షిప్ దరఖాస్తులో వేలిముద్ర పడక మూడుసార్లు మీసేవకు తిరిగినవాళ్లు మనలో ఎంతమంది లేరు! ఆ సినిమాలో కేటీ అనే ఇద్దరు పిల్లల తల్లి ఉంటుంది. పిల్లలకు పెట్టి తను పస్తులుండి, ఉచితంగా సరుకులిచ్చే చోట ఆకలికి ఆగలేక అక్కడికక్కడే డబ్బా తెరిచి చేత్తో తినేసి, వెంటనే సిగ్గుతో ఏడుస్తుంది. తెల్లవాళ్ల దేశంలో కూడా ఆకలి ఉంటుందా అని మన తమ్ముళ్లు ఆశ్చర్యపోయారు.

అయితే సినిమా కంటే దానికి వచ్చిన స్పందన మాకు ఎక్కువ ఆసక్తి కలిగించింది. అప్పటి ఉపాధి, పింఛన్ల శాఖ మంత్రి డేమియన్ గ్రీన్ తను సినిమా చూడలేదంటూనే అది ఘోరమైన అన్యాయపు చిత్రణ అన్నాడు. అంతకుముందు అదే శాఖ చూసిన ఇయన్ డంకన్ స్మిత్, ఉద్యోగుల్ని చెడ్డగా చూపించారని తప్పుపట్టాడు. ప్రతిపక్ష నాయకుడు జెరెమీ కోర్బిన్ మాత్రం సినిమా చూడమని పార్లమెంటులోనే ప్రధానమంత్రి థెరీసా మేకు చెప్పాడు. మెచ్చినవాళ్లూ తిట్టినవాళ్లూ ఒకే విషయం చుట్టూ తిరిగారు: భృతి తీసుకునేవాళ్లు నిజంగా గతిలేనివాళ్లా, సోమరిపోతులా?

ఇక్కడే రెండు సినిమాలకూ తేడా. డేనియల్ మంచివాడు. నలభై ఏళ్లు పని చేసినవాడు, పొరుగువాళ్లకు సాయం చేసేవాడు. అతణ్ణి సోమరి అన్నవాడే సిగ్గుపడాలి. కెన్ లోచ్ మనకు కష్టం లేకుండా చేశాడు. మృణాల్ సేన్ ఆ సౌకర్యం కూడా ఇవ్వలేదు. ఇద్దరిలో ఎవరు గొప్ప అని పోటీ పెట్టడం లేదుగానీ, మా ఓటు మాత్రం వెంకయ్యకే.

మన నేల మీద

అమరావతి చుట్టుపక్కల పుట్టిపెరిగినవాళ్లకు ఈ ‘సోమరి’ అనే మాట బాగా తెలిసిందే. సంక్రాంతి దాటాక మిరప కోతలు మొదలవుతాయి. కర్నూలు వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు లారీల్లో దిగుతాయి. చేలగట్ల మీద పట్టాలు కట్టుకుని కాపురాలు పెడతారు. మన అమ్మలు తెల్లవారుజామున సద్దిమూట కట్టుకుని ముఠా మేస్త్రి ఆటో ఎక్కుతారు. కాయ కోసి కోసి వేళ్లు మండిపోతే రాత్రి కొబ్బరినూనె రాసుకుంటారు. ఆ చేత్తో కళ్లు తుడుచుకోవడానికి కూడా ఉండదు. పత్తి తీత రోజుల్లో వంగిన నడుము వంగినట్టే. కల్లంలో ఎండిన కాయ టిక్కీల్లోకెక్కి గుంటూరు యార్డుకు పోతుంది, అక్కడినుంచి దేశదేశాలకు పోతుంది. ధర పెరిగిన ఏడు కూడా కోతకూలి పెరగదు. మగకూలి ఒకటి, ఆడకూలి ఒకటి. కోసేదంతా ఆడవాళ్లే అయినా సరే.

2015లో రాజధాని కోసం భూసమీకరణ జరిగినప్పుడు 29 గ్రామాల్లో పొలాలు పోయాయి. పొలం ఉన్నవాళ్లకు కౌలు డబ్బు, స్థలాలు అన్నారు. ఆ పొలాల్లో కూలి చేసుకున్న భూమిలేని కుటుంబాలకు మొదట్లో నెలకు 2,500 రూపాయల పింఛను ఇచ్చారు. నెలకు 2,500 అంటే రోజుకు ఎంత పడుతుందో లెక్క వేయడం మీకే వదిలేస్తున్నాం. దానికే టీ కొట్ల దగ్గర, ‘వీళ్లకు ఊరికే డబ్బులొస్తున్నాయి, ఇంకెందుకు పనికొస్తారు’ అన్న మాటలు మేము చెవులారా విన్నాం. పని పోయింది ముందు, పింఛను వచ్చింది తర్వాత అన్న వరస ఎవరికీ గుర్తు లేదు.

మన సంగతే తీసుకుందాం. ఒక కాలేజీలో సర్టిఫికెట్ల కోసం వరసలో నిలబడ్డప్పుడు కౌంటర్ అవతలి మనిషి మాలో ఒకరితో, ‘మీకేంటమ్మా, అన్నం గవర్నమెంటుది, ఫీజు గవర్నమెంటుది, అయినా చదవరు’ అంది. ఆ అమ్మాయి అప్పటికి వాళ్ల ఇంట్లో డిగ్రీ పాసైన మొదటి మనిషి. జవాబేమీ చెప్పలేదు. మార్కుల జాబితా తీసి బల్ల మీద పెట్టింది. అంటే తను మంచిదాన్నని రుజువు చూపించింది. వెంకయ్య అయితే చూపించడు, నవ్వుతాడు. తక్కువ మార్కులు వచ్చినవాడికి మాత్రం హాస్టల్లో అన్నం ఎందుకు వద్దు?

మనవాళ్ల అభ్యంతరం

ఇంత చెప్పాక రెండో వైపు కూడా చెప్పాలి. ‘కఫన్’ మీద దళిత రచయితలకు గట్టి అభ్యంతరాలున్నాయి. ‘జూఠన్’ ఆత్మకథ రాసిన ఓంప్రకాశ్ వాల్మీకి వంటివాళ్లు ఆ కథను తీవ్రంగా విమర్శించారు. కథలో ఘీసూ, మాధవ్‌లది ఏ కులమో మొదట్లోనే పేరు పెట్టి చెప్పి, ఊరంతటికీ చెడ్డపేరు ఉన్నవాళ్లని చెప్పి, తర్వాత వాళ్లను పశువుల్లా చూపించారని కోపం. 2004లో ఢిల్లీలో ప్రేమ్‌చంద్ మరో నవల ‘రంగభూమి’ ప్రతులను దళిత సాహిత్య సంస్థ ఒకటి తగలబెట్టింది కూడా. పుస్తకాలు తగలబెట్టడాన్ని మేము సమర్థించం. కానీ కోపం ఎక్కడినుంచి వచ్చిందో అర్థం చేసుకోగలం. అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో 1985 జులై 17న, అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో 1991 ఆగస్టు 6న జరిగిన వాటి తర్వాత తెలుగులో చదివే కళ్లే మారాయి. ‘పేదవాడు’ అన్న మాట సరిపోదని, కులం పేరు చెప్పి మాట్లాడాలని మనవాళ్లు నిలదీశారు. 1995లో వచ్చిన ‘చిక్కనవుతున్న పాట’ కవితా సంకలనం ఆ నిలదీతలోంచి వచ్చిందే.

ఆ కళ్లతో చూస్తే ‘ఒక ఊరి కథ’లో ఒక లోటు కనిపిస్తుంది. సినిమా బరువంతా పేదరికం మీదే వేసింది. ఊరి బయట గుడిసె ఎందుకు ఊరి బయటే ఉందో తెలుగు ఊళ్లో పుట్టిన పిల్లవాడికి చెప్పక్కర్లేదు. కానీ కార్లోవీ వారీలో కూర్చున్న జ్యూరీకి ఎలా తెలుస్తుంది? వాళ్లకు అది సోమరి తండ్రీకొడుకుల వింత కథగానో, ప్రపంచంలోని పేదలందరి కథగానో కనబడి ఉంటుంది. ప్రేమ్‌చంద్ కులం చెప్పి తిట్లు తిన్నాడు. మృణాల్ సేన్ దాన్ని పలచన చేసి బహుమతులు తెచ్చుకున్నాడు. రెండిటిలో ఏది పెద్ద తప్పో మా గదిలో ఇప్పటికీ తేలలేదు.

రెండో లోటు ఇంకా పెద్దది. పురిటి నొప్పులతో ఒక ఆడమనిషి రాత్రంతా అరుస్తుంటే వాడలో ఒక్క ఆడది కూడా తలుపు తట్టలేదా? మన వాడల్లో అది సాధ్యమేనా? పొయ్యి మీది కుండ పొయ్యి మీదే వదిలేసి పరిగెత్తే పిన్నమ్మలు, మేనత్తలు, ముసలమ్మలు ఏమయ్యారు? దళిత విమర్శకులు ‘కఫన్’ గురించి అడిగిన ప్రశ్నే ఇది. దీనికి జవాబు మాకు దొరకలేదు. రచయితకు ఆ వాడ బయటినుంచే తెలుసునేమో.

నీలమ్మ

ఆగస్టులో ఒక శనివారం రాత్రి డార్మిటరీలో ల్యాప్‌టాప్‌ను ట్రంకుపెట్టె మీద పెట్టుకుని జూనియర్లతో కలిసి ఈ సినిమా చూశాం. పక్క హాస్టల్ అమ్మాయిలు మరుసటి ఆదివారం వాళ్ల దగ్గర చూశారు. తర్వాత అందరం కలిసి చర్చ పెట్టుకున్నాం. మొదటి అరగంట మగపిల్లలు వెంకయ్య మాటలకు పడిపడి నవ్వారు. నీలమ్మ వచ్చాక నవ్వులు తగ్గాయి. చివరికి వచ్చేసరికి ఎవరూ మాట్లాడలేదు. పదో తరగతి తమ్ముడు ఒకడు సినిమా సగంలో లేచి వరండాలోకి వెళ్లిపోయాడు. ఎందుకని మేము అడగలేదు. వాళ్ల నాన్న గురించి మాకు తెలుసు.

అబ్బాయిల చర్చంతా వెంకయ్య చుట్టూనే తిరిగింది. అతనిది తిరుగుబాటా, బద్ధకమా అని. అమ్మాయిలు ఆ చర్చను పక్కకు నెట్టేశారు. వాళ్ల వాదన ఇది: వెంకయ్య పని మానేసి భూస్వామిని ఏమీ నష్టపెట్టలేదు. అతను చేయని పనిని ఇంకొకరు చేశారు, ఆ ఇంకొకరు నీలమ్మ. కూలికి వెళ్లిందీ ఆమే, ఇల్లు చూసిందీ ఆమే, చివరికి చచ్చిపోయిందీ ఆమే. మామ సిద్ధాంతానికి బాకీ కట్టింది కోడలు. ఎంత తెలివిగల మాటలు మాట్లాడినా, వెంకయ్య కూడా ఇంట్లో ఒక చిన్న భూస్వామే. కష్టం ఒకరిది, తిండి ఇంకొకరిది. ఊళ్లో జరిగేదే గుడిసెలోనూ జరిగింది.

ఈ మాట విన్నాక మా ఓటు గురించి పైన రాసిన వాక్యం కొట్టేయమని ఒక చెల్లెలు పట్టుబట్టింది. కొట్టేయలేదు. ఎందుకంటే వెంకయ్య అడిగిన ప్రశ్న ఇంకా ఉంది. కానీ నీలమ్మ అడగాల్సిన ప్రశ్నను సినిమా ఆమె చేత అడిగించలేదన్నదీ అంతే నిజం. మమతా శంకర్ కళ్లతో చాలా చెప్పింది. అయినా చెప్పాల్సింది మిగిలిపోయింది. మనలో కథలు రాసే చెల్లెళ్లున్నారు. మిరప కోతకు వెళ్లే నిండు గర్భిణి గురించి వాళ్లకు తెలిసినంత ప్రేమ్‌చంద్‌కూ తెలియదు, మృణాల్ సేన్‌కూ తెలియదు.

సినిమా చూడబోయే తమ్ముళ్లకు రెండు మాటలు. ఇందులో పాటల కోసం, ఫైటింగుల కోసం ఎదురుచూడకండి. నడక నెమ్మదిగా ఉంటుంది. వెంకయ్య నవ్వుతున్నప్పుడు పక్కన కిష్టయ్య మొహం చూడండి. తండ్రి మాటకూ పెళ్లాం మాటకూ మధ్య నలిగే ఆ కుర్రవాణ్ణి విమర్శకులు ఎక్కువ పట్టించుకోలేదుగానీ, మన వయసు వాళ్లకు కావలసినవాడు అతనే. వీలైతే ముందు ‘కఫన్’ కథ చదవండి. చిన్న కథే. ఒక స్టడీ అవర్ చాలు.

చర్చ ముగిసి లేవబోతుంటే ఇంటర్ మొదటి సంవత్సరం అమ్మాయి ఒకతె చెయ్యెత్తింది. చచ్చిపోయాక గుడ్డకు డబ్బులిచ్చిన ఊరు, ముందు రోజు రాత్రి మంత్రసానికి ఎందుకివ్వలేదు అని అడిగింది. వాళ్లు అడగలేదు కదా అని ఒకడన్నాడు. అడిగితే ఇచ్చేవాళ్లా అని ఆమె అంది. అప్పటికి రాత్రి తొమ్మిదిన్నర దాటింది. వార్డెన్ సారు వచ్చి లైట్లు తీయమనేదాకా అందరం దాని మీదే మాట్లాడుతూ ఉన్నాం.